పదిహేడు గీతలు

నిన్న రాత్రి నోట్‌బుక్‌లో 17 గీతలు పడ్డాయి. 11 ఏళ్ల కిందట, ఈ గీతలు మొదలుపెట్టిన తొలి వారంలో, రోజుకు మూడో నాలుగో పడేవి. ఆ పేజీ, ఈ పేజీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మా అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "అయితే ఇన్నేళ్లూ కూర్చుని ఉన్నది కూడా పోగొట్టుకున్నావన్నమాట."

పోగొట్టుకోలేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అమ్మకి నోటితో చెప్తే వినదు, మధ్యలో లేచి వెళ్లిపోతుంది.

గీత అంటే ఏమిటో ముందు చెప్తాను. చీకటి గదిలో కొవ్వొత్తి వెలిగించి, వత్తి కొస మీద చూపు నిలిపి 15 నిమిషాలు కూర్చుంటాను. ఒళ్లో నోట్‌బుక్, చేతిలో పెన్సిల్. మనసు మంట దగ్గర లేదని తెలిసిన ప్రతిసారీ, చూపు కదల్చకుండా కాగితం మీద ఒక గీత గీస్తాను. మళ్లీ మంట దగ్గరికి వస్తాను. చూడకుండా గీసేవి కాబట్టి ఒకదాని మీద ఒకటి పడతాయి, కొన్ని పేజీ దాటి బట్టల మీదకి కూడా వెళ్తాయి. లైటు వేశాక లెక్కపెట్టి పక్కన అంకె వేస్తాను. ఈ చూపు నిలిపే సాధన పేరు త్రాటకం. గీతల పద్ధతి మాత్రం వేరే దారిలో నా దగ్గరికి వచ్చింది, ఆ కథ తర్వాత.

నిజానికి నేను దీంట్లోకి వచ్చింది ధ్యానం కోసం కాదు, శక్తుల కోసం. 19 ఏళ్లప్పుడు హాస్టల్ రూమ్మేట్ దగ్గర అట్ట చిరిగిపోయిన ఒక పాత హిప్నాటిజం పుస్తకం దొరికింది. పేరు లేదు, రాసినవాళ్లెవరో తెలీదు. తెల్ల కాగితం మీద రూపాయి బిళ్లంత నల్లచుక్క పెట్టి, గోడకి అంటించి, రెప్ప వేయకుండా చూడాలట. 40 రోజుల్లో కళ్లలో అయస్కాంత శక్తి పుడుతుందట. ఆ తర్వాత ఎవరి మెడ వెనక చూస్తే వాళ్లు తిరిగి చూడాల్సిందేనట. 22 రోజులు చేశాను. 23వ రోజు ఆగలేక బస్సులో ప్రయోగం పెట్టాను. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన మెడ వెనక కన్నార్పకుండా చూడటం మొదలుపెట్టాను. రెండు మూడు నిమిషాలకి ఆయన నిజంగానే తిరిగారు. నా గుండె ఝల్లుమంది. ఆయన నా మొహం ఒకసారి చూసి, "ఏమ్మా, కళ్లు తిరుగుతున్నాయా? ఇలా వచ్చి కూర్చో" అని సీటు ఇచ్చారు.

కూర్చున్నాను, ఏం చేస్తాను.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఈ మెడ వెనక చూపు గురించి 1898లోనే ఎడ్వర్డ్ టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడని. వెనక నుంచి ఎవరో చూస్తుంటే తెలిసిపోతుందని నమ్మే విద్యార్థుల మీదే ప్రయోగాలు చేసి, అలాంటిదేమీ లేదని తేల్చాడు. ఇంకా వెనక్కి వెళ్తే జేమ్స్ బ్రెయిడ్ ఉన్నాడు. మాంచెస్టర్‌లో సర్జన్, హిప్నాటిజం అనే మాటని వాడుకలోకి తెచ్చినవాడు. మెస్మరిజం చేసేవాళ్ల చేతుల్లోంచి, కళ్లలోంచి ఏదో ప్రవాహం అవతలి మనిషిలోకి వెళ్తుందని అందరూ అనుకుంటున్న 1840లలో, ఈయన తన దగ్గరికొచ్చినవాళ్లని మెరిసే చిన్న వస్తువు మీద చూపు నిలపమనేవాడు. కళ్లకి కాస్త పైన, అంటే చూస్తే కళ్లు అలిసిపోయేంత ఎత్తులో, తన కత్తుల డబ్బా పట్టుకునేవాడు. కాసేపటికి వాళ్లు మగత లాంటి స్థితిలోకి జారిపోయేవారు. డబ్బాలో ఏ అయస్కాంతమూ లేదు. అంటే జరిగేదేదో చూస్తున్న మనిషికే జరుగుతోంది. నేను మాత్రం 22 రోజులు దీన్ని తిరగేసి నమ్మాను. చూపు తగిలినవాళ్లకి ఏదో అవుతుందని.

ఆ కాగితం చింపేశాను. పదేళ్లు దాని ఊసే ఎత్తలేదు.

నా పని ప్రూఫ్‌రీడింగ్. పొద్దస్తమానం అక్షరాలు చూడటమే బతుకు. ఒత్తులు, దీర్ఘాలు, అర్థానికి ధ పడిందా థ పడిందా అనేవి. ఒక పుస్తకం మూడు సార్లు చదివి ఓకే చేశాను. అచ్చయి వచ్చాక రచయిత ఫోన్ చేశారు. అంకితం పేజీలో వాళ్లమ్మగారి పేరు తప్పు పడింది. పుస్తకంలో మొదటి పేజీ, ఆ పేజీలో ఉన్నదే రెండు లైన్లు. "మూడు సార్లు చూశానన్నారు కదండీ" అన్నారాయన. గట్టిగా కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను అబద్ధం ఆడలేదు. మూడు సార్లూ ఆ పేరు మీంచి నా చూపు వెళ్లింది. ప్రూఫు కాగితం మీద ఆ లైను పక్కన నా పెన్సిలు టిక్కు కూడా ఉంది. కళ్లు అక్కడే ఉన్నాయి, నేను లేను. ఎక్కడున్నానో కూడా గుర్తులేదు. ఆ రాత్రి నిద్రపట్టక పడుకుని ఆలోచిస్తుంటే, చూపు ఉన్నచోట మనసు లేకపోయినా ఆ సంగతి మనకి తెలియనే తెలియదన్నది నన్ను బాగా భయపెట్టింది. పోవడం పెద్ద విషయం కాదు, అందరి మనసూ పోతుంది. పోయిందని కబురైనా రాకపోతే ఎలా?

అలా 31వ ఏట త్రాటకం నేర్పే ఒక టీచర్ గారి దగ్గరికి వెళ్లాను. పెద్దావిడ, మాట తక్కువ. మొదటి రోజు నేను కూర్చున్న తీరు చూసి అన్నారు: "అమ్మాయ్, మంటని కళ్లతో పట్టుకోకు. చూపు దాని మీద వాల్చు. ఈగ వాలినట్టు."

పట్టుకోవడానికీ వాల్చడానికీ తేడా తెలియడానికి నాకు ఏడాది పట్టింది. పట్టుకున్నప్పుడు కనుబొమల మధ్య ముడి పడుతుంది, దవడ బిగుస్తుంది, ఊపిరి పైపైనే ఆగిపోతుంది. వాల్చినప్పుడు ఇవేవీ ఉండవు. బుద్ధఘోషుడు 5వ శతాబ్దంలో పాళీలో రాసిన బౌద్ధ గ్రంథం విశుద్ధిమగ్గంలో, ఒక వస్తువునే చూస్తూ చేసే కసిణ ధ్యానం గురించి చెప్తూ ఇదే మాట అంటాడు. కళ్లు మరీ పెద్దగా తెరిస్తే అలిసిపోతాయి, మరీ చిన్నగా తెరిస్తే ఎదురుగా ఉన్నది స్పష్టంగా ఉండదు, అద్దంలో మొహం చూసుకున్నట్టు మధ్యస్థంగా చూడమంటాడు. అక్కడ మంటకి బదులు జానెడు మీద నాలుగు వేళ్ల వెడల్పున్న మట్టి బిళ్ల ఉంటుంది, పొద్దు పొడుపు రంగు మట్టితో చేసింది. దానికి రెండున్నర మూరల దూరంలో కూర్చోవాలి. కన్నార్పకుండా చూడమని కాదు. కాసేపు తెరిచి, కాసేపు మూసి, వందసార్లు, వెయ్యిసార్లు, మూసినా తెరిచినా ఒకేలా కనిపించేదాకా.

మన హఠయోగంలో దారి ఇంకొంచెం కటువు. స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపికలో ధౌతి, బస్తి, నేతి, నౌళి, కపాలభాతితో పాటు ఆరు శుద్ధి క్రియల్లో ఇదీ ఒకటి. అంటే పుస్తకం దీన్ని ధ్యానంలో చేర్చలేదు, ముక్కు కడుక్కోవడం పక్కన పెట్టింది! శ్లోకంలో దీపం లేదు, కొవ్వొత్తి లేదు. సూక్ష్మలక్ష్యం, అంటే చిన్న గురి, అంతే. ఆ చిన్న గురిని కదలని చూపుతో కన్నీళ్లు రాలేదాకా చూడాలి. ఈ 'అశ్రుసంపాతపర్యంతం' అన్న ముక్క దగ్గరే మాలాంటి వాళ్లంతా తప్పులో కాలేస్తారు. అదే శ్లోకంలో ఉన్న 'సమాహితః' అన్న మాట, మనసు కుదురుగా పెట్టుకున్నవాడై అన్నది, ఎవరి కంటికీ ఆనదు.

నేను ఏం చేశానో చెప్తే నవ్వుతారు. మొదటి నెల ఫ్యాన్ కింద కూర్చున్నాను. మామూలుగా మనిషి నిమిషానికి పదిహేను సార్లకు అటూ ఇటూగా రెప్ప వేస్తాడు. ఆ రెప్ప ఆపితే కంటి పైన తడి పొర ఆరిపోతుంది, ఆరితే మండుతుంది, మండితే నీళ్లు కారతాయి. ఫ్యాన్ గాలికి ఇంకా త్వరగా ఆరుతుంది. నాకు మొదటి రోజు నాలుగు నిమిషాలకి వచ్చిన కన్నీళ్లు వారం తిరిగేసరికి రెండు నిమిషాలకే రావడం మొదలైంది. ఎంత త్వరగా శుద్ధి అయిపోతున్నానో అని పొంగిపోయాను. టీచర్ గారు గదిలోకి వచ్చి, ముందు నన్ను చూసి, తర్వాత పైకి చూసి, ఏమీ అనకుండా ఫ్యాన్ స్విచ్ ఆపేసి వెళ్లిపోయారు.

ఇక కంటి జబ్బులు పోతాయన్న మాట. ప్రదీపికలో దాని తర్వాతి శ్లోకంలో ఆ హామీ ఉంది. ఘేరండ సంహిత అనే ఇంకో హఠయోగ గ్రంథంలో అయితే దివ్యదృష్టి కూడా వస్తుందని ఉంది. నా కళ్లద్దాల పవర్ 11 ఏళ్లలో ఒక్క పాయింటు కూడా తగ్గలేదు, ఇంకా పెరిగింది. శ్లోకాన్ని తప్పుపట్టడం కాదు గానీ, కళ్లద్దాలు తీసి పారేయొచ్చని చెప్పే వీడియోలు చూసి మోసపోకండి. పైగా ప్రదీపికలోని ఆ శ్లోకమే ఈ విద్యని బంగారు పెట్టెలా దాచుకోమంటుంది. ఇప్పుడు ఆ పెట్టె ప్రతి ఫోన్‌లోనూ తెరిచే ఉంది.

గీతల సంగతికి వస్తాను. అవి నాకు పాశ్చాత్య తాంత్రికుల దగ్గర దొరికాయి. టీచర్ గారి దగ్గర చేస్తూనే, పాత పిచ్చి పూర్తిగా వదలక, రాత్రుళ్లు వాళ్ల రాతలు చదివేదాన్ని. ఫ్రాంజ్ బార్డన్ అని చెక్ దేశపువాడు, మాయ నేర్చుకోవాలనుకునేవాడి చేత ముందు కత్తి, ఫోర్కు, పెన్సిల్ లాంటి వస్తువుని మనసులో అయిదు నిమిషాలు నిలబెట్టిస్తాడు. చెదిరినప్పుడల్లా పూసల తాడులో ఒక పూస జరపాలి. అలీస్టర్ క్రౌలీ కూడా అంతే, మనసు జారిన ప్రతిసారీ లెక్క రాయమన్నాడు. క్రౌలీ జీవితం గురించి మంచిమాటలు చెప్పడం కష్టం. నిగ్రహం కోసం, అనకూడదనుకున్న మాట నోరు జారితే చేతి మీద బ్లేడుతో గీసుకోమన్నవాడు కూడా ఆయనే. ఆ గీతలు నాకొద్దు, నావి కాగితం మీదే. కానీ ఆటంకాల్ని రకాలుగా విడదీసి చూపించడంలో మాత్రం గుమస్తా కంటే నిక్కచ్చి మనిషి. దురద, నొప్పి లాంటి ఒంటి గోల ఒక రకం. అంతకుముందు చూసినవీ విన్నవీ గుర్తుకు రావడం ఇంకో రకం. పగటికలలు మరోటి. అన్నిటికంటే గడుసుది, 'ఆహా, ఎంత బాగా చేస్తున్నానో' అనే తలపు. అది వచ్చినప్పుడు మంట కళ్ల ముందు స్పష్టంగానే ఉంటుంది, అందుకే అది ఆటంకమని పట్టుకోవడం కష్టం.

మొదట బార్డన్ మాట మీద పూసలతో చేశాను. పది రోజుల్లో వేళ్లు వాటంతట అవే పూసలు తిప్పడం మొదలుపెట్టాయి. జపం చేసే చెయ్యి కదా. లెక్క చూస్తే 60 దాటింది, అందులో ఎన్ని నిజమో దేవుడికే తెలియాలి. అప్పుడు పెన్సిల్ పట్టుకున్నాను.

పెన్సిల్‌తో మొదటి వారం: 3, 4, 4, 2, 5, 3, 4. నేను పుట్టుకతోనే యోగినిని కాబోలు అనుకున్నాను. మూడు నెలలకి 11. ఏడాదికి 23. ఒక రోజు 31. ఏడుపొచ్చింది, మంట వల్ల కాదు. నోట్‌బుక్ తీసుకెళ్లి టీచర్ గారి ముందు పెట్టాను. వెనక్కి తిరగేసి చూసి, చాలాసేపు నవ్వారు. "దొంగలు ఎక్కువయ్యారనుకుంటున్నావా? ఇన్నాళ్లూ నువ్వు నిద్రపోయావంతే. అప్పుడు నాలుగుసార్లు లేచావు, ఇప్పుడు ముప్ఫైసార్లు లేస్తున్నావు."

ఇంటికొచ్చి పాత పేజీల్లో నేను రాసుకున్నవి చూశాను. ఆ రోజుల్లో గీతల పక్కన ఏం ఆలోచించానో రెండు ముక్కలు రాసేదాన్ని. మొదటి వారంలో ఒక గీత పక్కన ఇలా ఉంది: "పిన్ని వాళ్లింటి గొడవ, దాన్నుంచి చిన్నప్పటి స్కూలు, దాన్నుంచి రేపటి ప్రూఫులు, అక్కడ తెలిసింది." అంటే ఒక్క గీత కింద మూడు ఊళ్లు తిరిగొచ్చాను. కనీసం అయిదారు నిమిషాలు పోయి ఉంటాయి. ఆ అయిదారు నిమిషాలూ నా కళ్లు మంట మీదే ఉన్నాయి, నీళ్లు కూడా కారే ఉంటాయి. పక్కనుంచి చూసినవాళ్లు ఎంత ఏకాగ్రత అనుకుని ఉంటారు. ఏడాది తర్వాతి పేజీలో గీతల పక్కన ఒక్కో మాటే ఉంది: దురద. మెసేజ్. పిన్ని. కుక్క. మెసేజ్. అసలు మాట పూర్తికాకముందే తెలిసిపోతున్న గీతలు కొన్ని, పక్కన ఏమీ రాసి లేదు.

పతంజలి ధారణని మూడు మాటల్లో చెప్పేస్తాడు, దేశబంధశ్చిత్తస్య ధారణా అని. చిత్తాన్ని ఒకచోట కట్టివేయడం. కట్టడం అన్నాడంటే తెంచుకునేది ఒకటుందనే కదా. గుంజకి కట్టిన దూడ తాడు బిగుసుకున్నప్పుడే కట్టు ఉందని దానికి తెలుస్తుంది. నా గీత ఆ తాడు బిగుసుకున్న చప్పుడు. అమ్మకి ఈ దూడ ఉదాహరణ చెప్తే, "దూడకి పదకొండేళ్లొస్తే ఇంకా దూడేంటే" అంది. ఆవిడతో గెలవలేం.

ఇప్పుడు వింతల గురించి. అవి లేకపోతే ఈ విషయం మీద ఎవరూ చదవరని నాకూ తెలుసు.

మంటనే ఒక నిమిషం దగ్గర్నుంచి చూపిస్తాను. అడుగున పలచటి నీలం, చూసీ చూడనట్టుంటుంది. వత్తి చుట్టూ ముదురుగా, ఖాళీలా ఒక చోటు. పైన పసుపు. వత్తి కాలుతూ కాలుతూ ఒక పక్కకి ఒంగుతుంది, దాని కొస మంట అంచులోంచి బయటికొచ్చి ఎర్రగా కణకణలాడుతుంది. నా చూపు ఉండేది ఆ ఎర్ర చుక్క మీద. రెండు మూడు నిమిషాలకి మంట చుట్టూ ఉన్న గది కరగడం మొదలవుతుంది. బల్ల అంచు పోతుంది, తర్వాత గోడ, తర్వాత కొవ్వొత్తి కూడా. గాల్లో ఒక ఎర్ర చుక్క మిగులుతుంది. మొదటిసారి జరిగినప్పుడు లయం, సమాధి అని ఏవేవో పేర్లు పెట్టుకున్నాను. దీన్ని ట్రాక్స్‌లర్ అనే స్విస్ వైద్యుడు 1804లోనే వర్ణించాడు. చూపు ఒకేచోట నిలిస్తే, చుట్టూ మారకుండా ఉన్నవాటిని మన చూపు వ్యవస్థ పట్టించుకోవడం మానేస్తుంది. రెప్ప వేసినా, చూపు రవ్వంత జరిగినా గది మళ్లీ ప్రత్యక్షం. సమాధి కాకపోయినా నాకు దీంతో ఒక ఉపయోగం ఉంది. గది తిరిగొచ్చిందంటే నా కళ్లు కదిలాయని అర్థం. కళ్లు కదిలాయంటే చాలాసార్లు మనసు అప్పటికే బయల్దేరి ఉంటుంది.

తర్వాత కళ్లు మూస్తాను. ఇది అంతర్ త్రాటకం. మూసిన చీకట్లో ముందు పసుపు ముద్ద, కాసేపటికి దాని అంచు ఆకుపచ్చ, లోపల ఊదా, చివరికి ముదురు నీలం. అదేమిటో దాన్ని నడిమధ్యకి తెచ్చుకుందామని చూస్తే పైకి జారుతుంది. ఇంకా చూస్తే ఇంకా పైకి. మన నీడ తల మీద కాలు పెట్టబోయినట్టు. ఎందుకంటే అది మంట వదిలిన ముద్ర, కంటి లోపలి పొర మీదే ఉంది, కన్ను ఎటు తిరిగితే అదీ అటే. దాన్ని వెంటాడటం మానేసి, ఉన్నచోటే ఉండనిస్తే ఆగుతుంది. ఈగ వాలినట్టు అన్న మాట నాకు నిజంగా అర్థమైంది ఇక్కడే, తెరిచిన కళ్లతో కాదు.

1888లో లండన్‌లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం వాళ్లు ఈ ముద్రనే వాడుకున్నారు. మన పంచభూతాల గుర్తులు తీసుకెళ్లి కార్డుల మీద రంగులు వేశారు. పృథ్వికి పసుపు చదరం, జలానికి వెండి నెలవంక, అగ్నికి ఎర్ర త్రికోణం, వాయువుకి నీలి వృత్తం, ఆకాశానికి నల్లటి గుడ్డు ఆకారం. కార్డు వైపు తదేకంగా చూసి, చూపు తెల్లటి చోటుకి మారిస్తే ఎదురు రంగులో అదే ఆకారం లేస్తుంది. దాన్నే తలుపుగా ఊహించుకుని అవతలికి వెళ్లాలి. రంగు కాగితాలు కత్తిరించి నేనూ చేసుకున్నాను. ఎర్ర త్రికోణం నుంచి గోడ మీద ఆకుపచ్చ త్రికోణం లేచింది, కార్డు కంటే ఎన్నో రెట్లు పెద్దగా, నిజంగానే తలుపంత! ఒళ్లు జలదరించింది. దానికీ లెక్క ఉంది. ముద్ర కంట్లో అంతే ఉంటుంది, మనం దాన్ని వేసి చూసే గోడ ఎంత దూరంలో ఉంటే అది అంత పెద్దగా కనిపిస్తుంది. ఎమర్ట్ అనే స్విస్ కంటి వైద్యుడు 1881లో చెప్పిన సూత్రం అది. ఇక తలుపు దాటి వెళ్తే కనిపించినవన్నీ ముందురోజు రాత్రి నేను చదివినవే. ఆ కార్డులు ఇప్పటికీ ఉన్నాయి, పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకుంటాను.

అద్దం మాత్రం నవ్వుకునే విషయం కాదు. వెనక ఎక్కడో చిన్న దీపం పెట్టి, అద్దంలో నా కళ్లలోకి నేనే చూసే సాధన రెండు వారాలు చేశాను. ఆరో రోజు నా మొహం సాగింది, ఒక కన్ను మాయమైంది. తొమ్మిదో రోజు అద్దంలో మా అమ్మమ్మ. పోయి అప్పటికి నాలుగేళ్లు. ముక్కుపుడక లేదు, అంతే తేడా. నేను కదల్లేదు, ఆవిడా కదల్లేదు. రెప్ప పడింది, నా మొహం నాకొచ్చేసింది. ఆ రాత్రి లైటు వేసుకుని పడుకున్నాను. అంజనం వేసి పిల్లల చేత నల్లటి నిగనిగలోకి చూపించేవాళ్లు, మొదటి ఎలిజబెత్ రాణి కాలం నాటి జ్యోతిష్కుడు జాన్ డీ పేరుతో చెప్పుకునే నల్లరాతి అద్దం, అన్నీ ఒక్కసారిగా నిజమైపోయాయి నాకు.

2010లో కపుటో అనే ఇటలీ పరిశోధకుడు 50 మందిని మసక వెలుతురులో పది నిమిషాలు అద్దం ముందు కూర్చోబెట్టాడు. 66 శాతం మంది తమ మొహం ఘోరంగా మారిపోవడం చూశారు. కొందరికి ఎవరో తెలియని మనిషి, కొందరికి పోయిన తల్లో తండ్రో, దాదాపు సగం మందికి వింత జీవులు కనిపించారు. వాళ్లెవరూ సాధకులు కాదు. ఇది చదివాక ఊరట కలిగిందా, బాధ కలిగిందా అంటే రెండూ. మసక వెలుతురులో కరిగిపోతున్న మొహంలోకి మనసు తనకి తెలిసిన మొహాన్ని తెచ్చి పెట్టుకుంటుంది. సరే. కానీ 50 మంది లెక్కలో మా అమ్మమ్మ లేదు కదా. అద్దం సాధన ఆపేశాను. భయపడి కాదు. రోజూ ఆవిడ కోసమే కూర్చోవడం మొదలైందని నాకే తెలిసి.

సూర్యుడి గురించి ఒక్క పేరా. ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూస్తే ఏమీ కాదని ఒకరు చెప్పగా విని, నాలుగు రోజులు చూశాను. నొప్పి లేదు, మంట లేదు. కంటి లోపలి పొరకి నొప్పి తెలియదు, కాలిపోతున్నా చెప్పదు. అయిదో రోజు ప్రూఫు కాగితం మీద నేను చూస్తున్న అక్షరమే చెరిగిపోయినట్టు, మధ్యలో చిన్న మసక. పక్క అక్షరాలు బాగానే ఉన్నాయి, చూస్తున్నది మాత్రం లేదు. కంటి డాక్టరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఏడు వారాలకి తగ్గింది, కొందరికి జన్మలో తగ్గదట. సూర్యుణ్ణి చూడకండి. పొద్దునైనా సాయంత్రమైనా, మంత్రంతో అయినా మంత్రం లేకుండా అయినా. గ్లాకోమా, రెటీనా సమస్యలు, మూర్ఛ, మైగ్రేన్ ఉన్నవాళ్లు మంట జోలికి కూడా డాక్టర్ని అడక్కుండా వెళ్లొద్దు. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కూర్చోండి. చేయాలనుంటే కాగితం మీద చుక్క చాలు. ఆ అట్టలేని పుస్తకం చెప్పినవాటిలో పనికొచ్చేది అదొక్కటే.

శక్తులేమైనా వచ్చాయా అని అడిగేవాళ్లకి: ఒకటుంది. ప్రూఫు చదువుతుంటే, కళ్లు లైను మీదున్నా నేను లేనని ఇప్పుడు రెండు మూడు మాటల లోపే తెలుస్తుంది. పెన్సిల్ ఆగిపోతుంది. వెనక్కి వెళ్లి, ఎక్కడ జారానో అక్కణ్ణుంచి మళ్లీ చదువుతాను. తప్పులు ఇప్పటికీ పోతూనే ఉంటాయి గానీ, అంకితం పేజీ మాత్రం వేలు పెట్టి, అక్షరం అక్షరం, పైకి చదువుతాను. విశుద్ధిమగ్గం చెప్పే స్థాయి, ఎదురుగా బిళ్ల లేకపోయినా కళ్లు మూస్తే ఉన్నదున్నట్టు కనిపించడం, ఒక్కసారే జరిగింది. మధ్యాహ్నం పూట బట్టలు మడతపెడుతుంటే, కొవ్వొత్తి వెలిగించి రెండు రోజులైనా, ఒంగిన వత్తి కొస ఎర్రగా వచ్చి నిలబడింది. రంగు మారలేదు, జారలేదు. మూడో నాలుగో క్షణాలు ఉండి ఉంటుంది. 'వచ్చేసింది!' అనుకున్నాను, పోయింది.

నిన్నటి 17 గీతల్లో తొమ్మిది ఈ పోస్టువే. అమ్మ మాటతో మొదలుపెట్టాలా, బస్సు పెద్దాయనతో మొదలుపెట్టాలా అని నాలుగు. శీర్షిక గురించి మూడు. ఎవరైనా చదువుతారా అని ఒకటి. 'పదిహేడు' అని శీర్షిక పెట్టాలంటే ఇంకో గీత పడకూడదు అని ఒకటి, అది పదిహేడోది. అది గీస్తుండగా టైమర్ మోగింది.